పత్రము వ్రాయని ఋణము

పులులు తిరిగిన అడవికి సింహములు చికాగో నగరమునుండి వచ్చినవని మా పాల్వంచ లయన్స్ మిత్రులను చూచినప్పుడెల్ల నేను పరిహాసమాడుచుందును. కిన్నెరసాని కిరుదరుల నున్న కీకారణ్యమున పెద్దపులి గాండ్రింపు విని కాపురములు చేసిన ముదుసలులు మొన్నమొన్నటి వరకు పల్లెలలో నుండిరి; సింహము మాత్రము ఈ ప్రాంతపు అడవి కెన్నడును చుట్టము కాదు. అట్టి చోట చొక్కాకు సింహముఖము గల బిళ్ళను తగిలించుకొని, ఒకరినొకరు ‘లయన్ ఫలానా’ అని సంబోధించుకొనుచు, సమావేశారంభమున గంట మ్రోగించి, ముగింపున మరల మ్రోగించి, ఉప్మా తిని, కాఫీ త్రాగి విడిపోవు పెద్దమనుష్యులను తొలిసారి చూచువానికి నవ్వు వచ్చుట సహజము. నవ్వినవారు చాలమంది గలరు. ఆ గంటకును ఈ అడవికిని గల సంబంధమేమో నిలిచి యోచించినవారు తక్కువ.

చరిత్ర చూడబోయిన చిన్నదే. 1917వ సంవత్సరమున చికాగోలో బీమా వ్యాపారము చేసికొనుచుండిన మెల్విన్ జోన్స్ అను నాతడు, తన తోడి వర్తకులు క్రమము తప్పక కలిసి భోజనము చేసి, ఒకరి వ్యాపారమునకొకరు తోడ్పడు ఉపాయములను మాటలాడుకొని విడిపోవుట చూచి, ఇంత బుద్ధియు ధనమును గలవారు తమ యూరి మేలునకై యేల పూనుకొనరాదని ప్రశ్నించెను. ఆ ప్రశ్ననుండియే లయన్స్ సంఘము పుట్టినది. అంతకు పండ్రెండేండ్ల ముందు, అదే నగరమున పాల్ హారిస్ అను న్యాయవాది రోటరీ సంఘమును స్థాపించి యుండెను. రోటరీ 1920 నాటికే కలకత్తా చేరినది; లయన్స్ 1956లో బొంబాయిలో నడుగు పెట్టినది. 1925లో ఒహాయో రాష్ట్రమున జరిగిన లయన్స్ మహాసభకు హెలెన్ కెల్లర్ వచ్చి, చీకటితో పోరాడువారికి అండగా నిలువుడని యర్థించిన నాటినుండి కంటివైద్యము ఆ సంఘమునకు ఇలవేల్పు వంటి కార్యమైనది. కాలక్రమమున ఈ సంఘములు నగరములు దాటి, జిల్లా కేంద్రములు దాటి, బొగ్గుగనుల యూళ్ళకును, మా వంటి అడవి యంచు పట్టణములకును వ్యాపించినవి.

ఏ యూరి సంఘమును చూచినను సభ్యుల వరుస ఇంచుమించు ఒక్క తీరుగనే యుండును. ఒక దంతవైద్యుడు, ఇద్దరు బట్టల వర్తకులు, ఒక మందుల దుకాణదారు, పదవీ విరమణ చేసిన ప్రధానోపాధ్యాయుడు, ఒక గుత్తేదారు, తప్పనిసరిగా ఒక జీవితబీమా ఏజెంటు. మూలపురుషుడే బీమా వర్తకుడు గనుక ఈ చివరివాని హక్కును ఎవ్వరును ప్రశ్నింపరాదు. మా యూర వీరికి తోడు థర్మల్ ఇంజనీర్లును, కర్మాగారముల ఉద్యోగులును చేరుదురు. వీరిలో ఒకరికి ‘టెయిల్ ట్విస్టర్’ అను పదవి గలదు. సింహపు తోకను మెలిపెట్టుట ఆయన విధి. ఆలస్యముగా వచ్చినవానికి, బిళ్ళ మరచినవానికి, పత్రికలో ఫోటో పడి పొంగిపోవువానికి కూడ ఆయన సభామధ్యమున జుల్మానా విధించును. అధ్యక్షుడైనను అది కట్టి తీరవలసినదే. ఆ సొమ్ము సేవానిధికి జమ. బజారులో పదిమంది లేచి నమస్కరించు మనుష్యుని ఇరువది రూపాయలకు లొంగదీయు ఈ హాస్యవ్యవస్థను నేను తక్కువగా నెంచను. తన్ను చూచి తాను నవ్వుకొనుట యెరిగినవాని చేతికి పరుల సొమ్ము నిర్భయముగా నప్పగింపవచ్చును.

పాల్వంచ పాత యూరే. సంస్థానమునకు పేరిచ్చిన యూరు. గోలకొండ సుల్తానుల నాటికే పరగణా. కాని నేడు మనము చూచు పట్టణము 1966 తరువాత పుట్టినది. సింగరేణి బొగ్గు చేరువగా నున్నదనియు, కిన్నెరసానికి ఆనకట్ట కట్టిన నీటికి కొరత యుండదనియు నిశ్చయించి, కొత్తగూడెము పేరుతో మా యూర థర్మల్ విద్యుత్కేంద్రమును నెలకొల్పిరి. అరువది మెగావాట్ల యంత్రములు నాలుగు 1966, 1967 సంవత్సరములలో తిరుగనారంభించినవి. పిదప ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారము వచ్చెను. 1980లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమపు తోడ్పాటుతో స్పాంజ్ ఐరన్ కర్మాగారము పని ప్రారంభించెను. పొగగొట్టము లేచిన చోటికి మనుష్యులు వత్తురు. కోస్తా జిల్లాలనుండి, తెలంగాణపు ఇతర జిల్లాలనుండి, దక్షిణాది రాష్ట్రములనుండి వచ్చిన కుటుంబములు వరుసగా నున్న క్వార్టర్లలో సామాను దించుకొన్నవి. ప్రతి యింటికి సంఖ్య యుండెను గాని చుట్టుపక్కల చుట్టరికము లేదు. పెండ్లికి పందిరి వేయుటకు మేనమామలు లేరు. చావు వచ్చిన పాడె మోయుటకు నలుగురు దాయాదులు లేరు. స్థానికుడెవడు, పరాయివాడెవడు అను ప్రశ్న ఈ యూరి గాలిలోనే యుండెను. 1969 జనవరిలో ప్రత్యేక తెలంగాణోద్యమము రాజుకొన్నది ఈ థర్మల్ కేంద్రపు ఉద్యోగముల తగవునుండియే యని చరిత్ర చెప్పుచున్నది.

వరుసలు లేనివారికి వరుసలు కల్పించుట యిట్టి సంఘములు చేసిన మొదటి సేవ యని నా యభిప్రాయము. విజయవాడనుండి బదిలీపై వచ్చిన ఇంజనీరును, తరతరములుగా ఈ బజారునే నమ్ముకొన్న కిరాణా వర్తకుడును ఒకే జంపఖానాపై కూర్చుండి, చలివేంద్రమునకు కుండలెన్ని కావలెనో వాదులాడుకొనునప్పుడు, వారిలో నొకరు మరియొకరిని ‘అన్నా’ యని పిలుచుటకు ఎంతో కాలము పట్టదు. ఉద్యోగి భార్యకు ప్రసవమైన రాత్రి కారు తెచ్చినది ఆ వర్తకుడే. వర్తకుని కుమారునికి పరీక్షల ముందు గణితము చెప్పినది ఆ ఇంజనీరే. ఇవి సంఘపు వార్షిక నివేదికలో నుండవు. సేవ యనునది మొదట సేవించువారిని ఒకరికొకరిని చుట్టములుగ జేసి, పిమ్మట గదా ఊరిమీదికి పోవును.

ఇక నిందకుల మాట. దుప్పటి యొకటి, దానిని పట్టుకొన్న చేతులు పదునాలుగు. వృద్ధుడు ఫోటోలో ఎక్కడున్నాడో వెదకవలెను. అరటిపండ్లు పంచిన వార్త అరటిపండు కంటె పెద్దదిగా అచ్చగును. అధ్యక్షుల ప్రమాణ స్వీకారమునాడు శాలువలు, జ్ఞాపికలు, గజమాలలు, ఆహ్వానితుల ప్రసంగములు, వందన సమర్పణ. ఇవన్నియు ముగియు నప్పటికి కుట్టుమిషను పొందవలసిన స్త్రీకి చివరి బస్సు వెళ్ళిపోవును. ఇందులో అబద్ధమేమియు లేదు. కాని న్యాయముగా మాటలాడవలెనన్న, పేరుమీది మమకారము చికాగోనుండి దిగుమతి యైన సరకు కాదు. మన పూర్వులు సప్తసంతానములని చెప్పుకొని చెరువులు త్రవ్వించిరి, తోటలు వేయించిరి, గుడులు కట్టించిరి. చెరువు గట్టున శాసనము చెక్కించి, అందులో తమ పేరు, తండ్రి పేరు, తాత పేరు, తమ శౌర్యప్రతాపములు, తమ దానమును హరించినవానికి కలుగు నరకములు సవిస్తరముగ వ్రాయించిరి. ఆ శిల వేయేండ్లు నిలిచినది. మా చౌరస్తాలోని ఫ్లెక్సీ తొలకరి వానకు చినిగిపోవును. రెంటిలో వినయము దేనికెక్కువ యో పాఠకులే నిర్ణయింపవచ్చును.

పాత ధర్మమునకును, కొత్త సంఘమునకును గల భేదము మరియొక చోట నున్నది. గోదావరి లంకలలో 1909 వరకు జీవించి, వేళాపాళా లేక వచ్చినవారికి వండి వడ్డించిన డొక్కా సీతమ్మగారి పేరు తలచుకొననిదే తెలుగువారు అన్నదానమును గూర్చి మాటలాడలేరు. అట్టి వ్యక్తులు శతాబ్దమున కొక్కరు పుట్టుదురు. ఆకలి మాత్రము ప్రతి దినము పుట్టును. మహాత్ములు లేని దినములలో ఊరు గడుచుటెట్లు? సామాన్యులు, కొంచెము లోభమును, కొంచెము కీర్తికాంక్షయు, కొంచెము దయయు గలవారు పదిమంది కలిసి, ఒక మహాత్ముడు చేయు పనిలో పదవ వంతు నైనను చేయగల యేర్పాటు కావలెను. సంఘమనగా ఆ యేర్పాటు. దానికి చందా యున్నది, నెలనెలా సమావేశమున్నది, వ్రాతపుస్తక మున్నది, జమాఖర్చున్నది. అన్నిటికంటె మేలైన నియమము, జూలై ఒకటవ తేదీన పాత అధ్యక్షుడు దిగిపోయి కొత్తవాడు పీఠమెక్కుట. నిన్నటివరకు మాలలు వేయించుకొన్నవాడు నేడు కుర్చీలు సర్దును. మన దేవాలయ ధర్మకర్తృత్వములలోను, విద్యాసంస్థలలోను, రాజకీయ పక్షములలోను కానరాని ఈ చిన్న విరక్తిని ఏడాదికొకసారి యాచరించు సంఘమును ఎంత యెగతాళి చేసినను ఒక నమస్కారము మిగుల్చుకొనక తప్పదు.

జమాఖర్చు మాట వచ్చినది గనుక మా పరగణాకు తహసీలుదారుగా నుండిన ఒక పెద్దమనిషిని స్మరింపవలెను. నేలకొండపల్లి కంచెర్ల గోపన్న తానీషా ప్రభుత్వమున ఈ పాల్వంచ పరగణాకు అధికారియై వచ్చి, వసూలైన శిస్తు సొమ్ముతో భద్రాద్రి రామునికి గుడి కట్టించి, గోలకొండ చెరసాలలో పండ్రెండేండ్లు మ్రగ్గెనని జనశ్రుతి. భక్తుడుగా ఆయనకు మ్రొక్కుదుము. కాని నెలసరి సమావేశమున కోశాధికారి నివేదిక చదువుచుండగా నాకు తరచు ఆయనయే జ్ఞాపకము వచ్చును. ఒకని సొమ్ముతో మరియొకనికి మేలు చేయుట ఎంత గొప్ప భావముతో చేసినను లెక్క యప్పగింపవలసిన పనియే. రామదాసుడని పేరొందిన ఆ గోపన్నయు ఆ సంగతి యెరుగనివాడు కాడు: సీతమ్మకు, లక్ష్మణునికి, భరత శత్రుఘ్నులకు చేయించిన నగలకైన వ్యయమును వరహాల సంఖ్యతో సహా రామునికే పాడి వినిపించెను. చెరసాల గోడల మధ్య పాడిన ఆ జమాఖర్చు కంటె ఆర్తి గల లెక్క తెలుగు సాహిత్యమున మరియొకటి లేదు. తానీషాకు రామలక్ష్మణులు వచ్చి బాకీ చెల్లించిరని కథ. మన సంఘములకు అట్టి ఆడిటర్లు దొరకరు గనుక రసీదు పుస్తకము జాగ్రత్తగా నుంచుకొనుట మంచిది.

ఆ గుడికథలో గోపన్నకు ముందు ఒక స్త్రీ గలదు. పోకల దమ్మక్క యను అడవిబిడ్డ పుట్టలో దేవుని కనుగొని, తాటాకు పందిరి వేసి, అడవిలో దొరకిన పండునే నైవేద్యముగ నిచ్చెనని స్థలపురాణము. ఆమెకు శిస్తు లేదు, పరగణా లేదు. ఉన్నదానిలో నుండి యిచ్చెను. గోపన్న రాతిగోపురమున కంటె ఆమె తాటాకు పందిరి ముందు పుట్టినదన్న సంగతి మా ప్రాంతపు సేవకులెల్లరు గుర్తుంచుకొనదగినది. ఏలయన మేము అడవికి సేవ చేయుచున్నామని చెప్పుకొనునప్పుడెల్ల, ఎవరు ఎవరికి ముందుగా ఇచ్చిరన్న ప్రశ్న మరుగున పడిపోవుచున్నది.

ఇచ్చిన లెక్క చూచెదము. కిన్నెరసాని అడవిలోని నీరు; విశ్వనాథవారు పాటలల్లిన ఆ యేరే మా యంత్రములకు దప్పి తీర్చుచున్నది. ఆ యడవి 1977 నుండి అభయారణ్యముగ రక్షింపబడుచున్నను, దాని చుట్టు నేల దున్ని, తునికాకు కోసి, ఇప్పపువ్వు ఏరి బ్రతుకు కోయలు ఆ నీటికి ఎన్నడును పన్నడుగలేదు. అరువది మెగావాట్లతో మొదలైన కేంద్రమునకు 2018 నాటికి ఎనిమిదివందల మెగావాట్ల యంత్రము కూడ చేరినది. ఇక్కడ పుట్టిన విద్యుత్తు పెద్ద తీగలమీదుగ, పల్లెల నెత్తిమీదుగ, దూరపు నగరములకు దీపములను, పొలములకు నీళ్ళను, కర్మాగారములకు బలమును మోసికొనిపోయెను. తీగ క్రిందనే యున్న గూడెములలో కొన్ని ఎంతో కాలము కిరసనాయిలు బుడ్డితో సరిపెట్టుకొన్నవి. బూడిద మాత్రము దూరము పోలేదు. అది చెరువులై ఇక్కడనే యుండిపోయెను. జీతమును, పింఛనును, పిల్లలకు చదువును, కొందరికి అమెరికా ప్రయాణమును ఇచ్చిన ఈ నేలకు మేమందరము బాకీదారులము. ఏ బాండు కాగితము మీదను మేము సంతకము చేయలేదు. అప్పిచ్చినవారికి ఆ సంతకమడుగు అలవాటు లేదు.

మానవుడు పుట్టుకతోనే ఋణగ్రస్తుడని మన పెద్దలు చెప్పిరి. దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అను మూడింటిని అందరును వల్లింతురు. శతపథ బ్రాహ్మణము నాల్గవదానిని కూడ చెప్పినది: తోడి మనుష్యులకు చెల్లింపవలసిన ఋణము. దానము చేయువాడు ఒక మెట్టు పైన నిలిచి చేయి చాచును. పుచ్చుకొనువాడు క్రింద నిలిచి తల వంచును. ఋణము తీర్చువాని నిలుకడ వేరు. అతడు తానే గుమ్మము వెదకుకొనుచు పోవలెను, ఆలస్యమైనందుకు మన్నింపు వేడవలెను, పూర్తిగా తీరినదా లేదా యని తానే చూచుకొనవలెను. అప్పు తీర్చినందుకు శాలువ కప్పించుకొన్నవాని నేనెచ్చటను చూడలేదు. సేవాసంఘములు చేయు పనులనే ఈ దృష్టితో చూచినచో ఏది సారమో, ఏది పైమెరుగో తేటపడును.

నేత్రవైద్య శిబిరమునే తీసికొందము. పూర్వము వేసవి సెలవులలో గాని, చలికాలమున గాని పాఠశాల గదులను కడిగించి, బల్లలు చేర్చి, పట్టణమునుండి వైద్యులను రప్పించి అక్కడనే కంటి పొరలు తీయించెడివారు. రోగులు కదలక పడుకొని, పిదప సోడాసీసా అడుగు వంటి మందపు అద్దములు పెట్టుకొని ఇండ్లకు పోయెడివారు. అద్దము పగిలిననాడు మరల చీకటియే. నేడు గ్రామమున పరీక్ష మాత్రమే జరుగును. శుక్లము ముదిరినవారిని ఆసుపత్రికి తీసికొనిపోయి, కంటిలోపలనే కృత్రిమ కటకమమర్చి పంపుదురు. శాస్త్రము ఇంత సులభమైనది గనుక పని కూడ సులభమైనదని మనమనుకొందుము. కాని పల్లెలో ముసలమ్మను ఒప్పించుట శస్త్రవైద్యుని చేతిలో లేదు. కన్ను పూర్తిగ పోవునేమో యను భయమొకటి. ఎండలలోను వానలలోను కంటి ఆపరేషను చేయించుకొనరాదను నమ్మకమొకటి. మేకలనెవరు తోలుదురను చింత యొకటి. ఈ వయసులో నాకు చూపెందుకను నిస్పృహ మరియొకటి.

అడవి అంచున ఒక గూడెమున అట్టి అవ్వ నొకతెను సభ్యులు ఒప్పించుచుండగా నేను ప్రక్కన నుంటిని. “చూపొస్తే ఏం జేస్తవు అవ్వా?” అని మాలో నొకరు సరదాగా అడిగిరి. “ఇప్పపువ్వు ఏరుకుంట సారూ. ఇప్పుడు పోరగాండ్లు ఏరంగ మిగిలింది నాకు కనబడ్తలేదు,” అని ఆమె చెప్పెను. మేము చూపు ననుగ్రహింపబోవుచున్నామను భావముతో పోయితిమి. ఆమె తన కూలిని, తన వేసవి తెల్లవారుజామును, పిల్లలమీద ఆధారపడని తన బ్రతుకును తిరిగి యడుగుచుండెను. కోరికలో దైన్యము లేదు. ఆపరేషను తరువాత నాలుగు నుండి ఆరు వారములవరకు చుక్కల మందు వేయవలెను. ఆ చుక్కలు ఏ పూట ఎన్నియో జ్ఞాపకముంచుకొనువారు ఇంటిలో నున్నారా, కట్టెల పొగ తగులకుండ పడుకొను చోటున్నదా, కన్ను ఎర్రబారిన ఎవరికి చెప్పవలెను, ఇవి శిబిరము బ్యానరు తీసివేసిన మరునాడు పుట్టు ప్రశ్నలు. ఫోటో మొదటి దినమున తీయుదురు. చూపు మాత్రము పదవ దినమున మరల ఆ గూడెమునకు మోటారుసైకిలు మీద పోయి, కన్ను తెరిపించి చూచిన సభ్యుని వలన నిలుచును. ఋణము తీర్చువాడు రెండవ మారు పోవును. నా దృష్టిలో ఏ సంఘమునకైనను గీటురాయి ఈ రెండవ రాకయే.

మొక్కలు నాటు నుత్సవమును ఈ గీటురాయిమీద పెట్టిన ఫలితము వినోదముగ నుండును. 1950లో మున్షీగారు వనమహోత్సవమును ప్రవేశపెట్టిరి. జూలైలో కొత్త అధ్యక్షుడు పదవిలోనికి వచ్చుటయు, వానలు పడుటయు ఒకే మాసమున సంభవించుటచే, ప్రతి సంఘమును మొదటి వారమున పలుగు పట్టుకొనును. ఒకే గుంటలో వేర్వేరు సంవత్సరముల వేర్వేరు అధ్యక్షులు మొక్కలు నాటుట చూచినప్పుడు, ఆ గుంటకే జ్ఞాపిక యిచ్చి సత్కరింపవలెనని తోచును. మొక్క బ్రతుకు జూలైలో లేదు, ఏప్రిల్‌లో నున్నది. అప్పటికి అధ్యక్షునికి పదవీకాలము ముగియనున్న వైరాగ్యము పట్టుకొనును.

రక్తదానము ఇందుకు భిన్నము. అది ఫోటోకు లొంగని సేవ. 1996లో సర్వోన్నత న్యాయస్థానమిచ్చిన తీర్పు ఫలితముగ రక్తమును ధనమునకు అమ్ముకొను వృత్తి నిషిద్ధమైన పిదప, రక్తనిధులు స్వచ్ఛంద దాతలమీదనే యాధారపడవలసి వచ్చెను. ఒక మారు తీయునది సుమారు 350 మిల్లీలీటర్లు. పురుషుడు మూడు మాసములకు, స్త్రీ నాలుగు మాసములకు మరల ఈయవచ్చును. తీసిన రక్తము ఐదారు వారములకంటె నిలువ యుండదు. అనగా ఒక్క మహోత్సవమున వందమంది యిచ్చుటకంటె, ఏడాది పొడుగున వంతులు వేసికొని కొద్దిమంది చొప్పున ఇచ్చుట మేలు. మా ఏజెన్సీ గ్రామములలో ఎర్రకణములు కొడవలి యాకారము దాల్చు సికిల్ సెల్ వ్యాధి గలదు. దానివలన రక్తహీనులైన బిడ్డలకును, పాండురోగముతో ప్రసవమునకు వచ్చు తల్లులకును అర్ధరాత్రి యైనను రక్తము కావలెను. అప్పుడు పనికివచ్చునది సంఘపు కార్యదర్శి వద్దనున్న పేర్ల పట్టిక. ఏ గ్రూపు వాడు ఏ షిఫ్టులో నున్నాడో, ఎవడు ఎన్నడు ఇచ్చెనో తెలిపెడి చిన్న నోటుపుస్తకము. ఇచ్చినవానికి పుచ్చుకొన్నవాని కులము తెలియదు, భాష తెలియదు, ముఖము తెలియదు. స్థానికుడెవడు, పరాయివాడెవడు అని తగవు పుట్టిన యూర, ఆ తగవును ఒక సంచిలోని రక్తము ప్రతి రాత్రి కొట్టివేయుచున్నది.

చలివేంద్రములను గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. మా వేసవి యెరిగినవారికి కొత్తకుండలో నీటి విలువ వర్ణింపవలసిన పని లేదు. శ్రీరామనవమికి భద్రాచలమునకు కాలినడకన పోవు భక్తులకు మజ్జిగ పోయుచున్నవారిలో ఏ సంఘమువారెవరో ఎవరును అడుగరు. వరదల మాట మాత్రము ప్రత్యేకముగ చెప్పవలెను. భద్రాచలము వద్ద గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగుల ఎత్తునకును, 2022 జూలైలో 71.3 అడుగులకును వచ్చినది. 53 అడుగులకే మూడవ ప్రమాద హెచ్చరిక. అట్టి దినములలో ఈ గట్టునున్న పట్టణముల దయ కూడ వరదవలె పొంగును. పులిహోర పొట్లములు ఒకే గ్రామమునకు మూడు దిక్కులనుండి చేరి పాసిపోవును. రహదారికి దూరముగ నున్న గూడెమునకు ఒక్కటియు చేరదు. నీరు తీసిన తరువాత కావలసినది బ్లీచింగు పొడి, టార్పాలిను, దోమతెర, తడిసిపోయిన పాఠ్యపుస్తకములకు బదులు కొత్తవి. అప్పటికి దాతల ఉద్వేగము తగ్గిపోయి యుండును. ఉద్వేగమునకు క్రమము నేర్పుటయే సంఘములున్నందుకు ప్రయోజనము. ఎవరు ఏ యూరికి, ఏ వస్తువుతో, ఏ దినమున అను పట్టిక వేయగల నెమ్మది గల కార్యదర్శి, వేయి పొట్లములకంటె విలువైనవాడు.

ఇంత చెప్పినను ఒక హెచ్చరిక లేనిదే నా మాట ఏకపక్షమగును. అవ్వకు చూపు, బిడ్డకు రక్తము, గూడెమునకు దారి, ఇవి వారి హక్కులు. ఎవ్వరో దయ తలచిన గాని రానివి కారాదు. ప్రభుత్వమును ఈ పనులు చేయుచునే యున్నది. తెలంగాణలో 2018 ఆగస్టు 15న ప్రారంభమైన కంటి వెలుగు వంటి కార్యక్రమము చేరినంత దూరము ఏ సంఘపు జీపును చేరజాలదు. సంఘము రాజ్యమునకు ప్రత్యామ్నాయము కాగోరినచో అది దురహంకారము. రాజ్యము సంఘమును చూపి తాను తప్పుకొన్నచో అది ద్రోహము. రెంటి నడుమ ఒక ఖాళీ యెప్పుడును మిగిలియుండును. ఆసుపత్రి యున్నది, అవ్వ యున్నది, నడుమ ఒక తోడుమనిషి లేడు. పథకమున్నది, హక్కున్నది, నడుమ దరఖాస్తు వ్రాయు చేయి లేదు. ఆ ఖాళీలోనే సేవకుని చోటు.

ఇప్పుడు మా యూరే మారుచున్నది. పాత విద్యుత్కేంద్రపు ఎనిమిది శీతలీకరణ గోపురములు 2024 ఆగస్టులో క్షణకాలమున నేలమట్టమైనవి. అర్ధశతాబ్దము మా దిగ్వలయమునకు గుర్తులై నిలిచిన వానిని చూడవచ్చిన జనములో, వాని క్రింద జీవితము గడిపి పింఛనుదారులైనవారు పెక్కుమంది. అట్టివారిలో కొందరు హైదరాబాదుకును, కొందరు కుమారుల వెంట సముద్రములు దాటియు పోవుచున్నారు. సంఘపు సమావేశములలో నెరసిన తలలు హెచ్చుచున్నవి. యువకులు రారను ఫిర్యాదు ప్రతి నెల వినబడును. పరిశ్రమలతో వచ్చినవారు పరిశ్రమలతోనే పోయినచో, వారు తీర్చవలసిన ఋణము ఎవరి ఖాతాకు మారును?

నాకు తోచిన సమాధానమొకటే. మన శిబిరములకు జనమును ప్రోగుచేయు ఆశా కార్యకర్త ఆ గూడెపు బిడ్డయే. అక్కడి బడిలో పాఠము చెప్పు యువకుడు, ఆసుపత్రిలో రాత్రి విధులు చేయు నర్సు, ఫారెస్టు బీటులో తిరుగు ఉద్యోగి, వీరిలో అడవినుండియే వచ్చినవారు నేడు తక్కువ కాదు. వారికి మనము దుప్పట్లు పంచిన దినములున్నవి. వారిని సభ్యులుగ రమ్మని పిలిచిన దినములు అరుదు. చందా ఎక్కువైనచో తగ్గింతము. సమావేశపు భాష బరువైనచో తేలిక చేయుదము. సమావేశమును హోటలు గదినుండి గూడెపు బడికి మార్చుదము. ఎవరి ఖర్చుతో ఏ పని ముందు చేయవలెనో నిర్ణయించు బల్లచుట్టు, ఆ పని అవసరము తన యొంటిమీద తెలిసినవారు కూర్చుండవలెను. పుచ్చుకొన్న యింటి కుమార్తె కోశాధికారిణియై, మన జమాఖర్చు పుస్తకమును తెరచి, ఈ మొక్కల ఖర్చేమిటి, ఈ శాలువల ఖర్చేమిటి యని నిలదీసిన జూలైలో, టెయిల్ ట్విస్టర్ మనకందరికిని కలిపి జుల్మానా వేసినను నేను సంతోషముగ కట్టుదును. ఇచ్చువారు, పుచ్చుకొనువారు అను రెండు పంక్తులున్నంత కాలము ఎంత చెల్లించినను అది వడ్డీ క్రిందనే పోవును. ఆ రెండు పంక్తులు ఒకటైన యేడాదినుండి అసలు తీరుట మొదలిడును.